సత్యాన్వేషి ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్

యారాడ కొండమీద, డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం సమీపాన నిలిచి విశాఖ రేవు వైపు చూచిన వారికి ఒక అపూర్వ దృశ్యం గోచరిస్తుంది. ఓడలు లోపలి రేవులో ప్రవేశించే కాలువకు ఆవలి గట్టున మూడు చిన్న కొండలు అన్నదమ్ముల వలె ప్రక్కప్రక్కనే నిలిచి ఉంటాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, వేరొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా, మూడవదానిపై మరియమాత చర్చి. సముద్రం మీదుగా వచ్చే నావికునికి ఈ మూడూ ఒకేసారి కనిపిస్తాయి. అతడు తన విశ్వాసం కొలదీ ఏదో ఒక కొండకు తలవంచి రేవులో ప్రవేశిస్తాడు. మిగిలిన రెండు కొండలు అతని దారికి అడ్డు రావు.

అయితే కొండలు ప్రక్కప్రక్కన ఉన్నంత మాత్రాన వాటిపై వినవచ్చే మాటలన్నీ ఒక్కటే అయిపోవు. ఏసుక్రీస్తు దేవుని కుమారుడనీ, శిలువపై మరణించి మూడవనాడు లేచాడనీ క్రైస్తవుడు విశ్వసిస్తాడు. ముస్లిం ఆ మహనీయునే హజ్రత్ ఈసా అని పిలిచి, కన్య మర్యమ్ కుమారునిగా, దేవుని గొప్ప ప్రవక్తలలో ఒకనిగా గౌరవిస్తాడు. దైవత్వాన్ని మాత్రం అంగీకరించడు. ఈ రెండు మాటలూ ఏకకాలంలో సత్యం కాజాలవు. మర్యాద కోసం ఈ భేదాన్ని కప్పిపుచ్చడం మర్యాదే కావచ్చును గాని, విచారణ మాత్రం కాదు.

ఒకనాటి సాయంకాలం ఇద్దరు విద్యార్థులు చేతిలో చెరొక కరపత్రంతో నా వద్దకు వచ్చారు. ఒకరు ముస్లిం, మరొకరు క్రైస్తవుడు. ఇద్దరూ మంచి మిత్రులు. రెండు మతాలలో దేనికి ప్రమాణాలు బలంగా ఉన్నవో చెప్పమని వారి కోరిక. కరపత్రాలు రెండూ చదివి చూచాను. రెండింటిలోనూ ఎదుటివారి గ్రంథాన్ని తూచడానికి ఒక తక్కెడ, తమ గ్రంథాన్ని తూచడానికి మరొక తక్కెడ వాడబడ్డాయి. అటువంటి తూకంతో అంగడిలో ఉప్పు కూడా కొనలేము. ఒక్క మాటలో జవాబు చెప్పలేక, ఆనాడు వారికి ఒక మనిషి కథ చెప్పాను. క్రైస్తవ గురువు ఇంట పుట్టి, రెండు మతాలనూ లోపలి నుండి చూచి, ఇరువది సంవత్సరాలకు పైగా యోచించి, చివరకు మన హైదరాబాదు నగరంలో తన జీవితకార్యాన్ని సాధించిన మనిషి ఆయన. ఆ కథనే ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

బాల్యం, విద్యాభ్యాసం

మార్మడ్యూక్ పిక్తాల్ 1875 ఏప్రిల్ 7వ తేదీన లండనులో జన్మించారు. తండ్రి చార్లెస్ పిక్తాల్ సఫోక్ ప్రాంతంలో ఒక గ్రామ చర్చికి ఆంగ్లికన్ మతాచార్యులు. సవతి అక్కలలో ఇద్దరు క్రైస్తవ సన్యాసినులయ్యారు. అంటే ప్రార్థన, ఉపవాసం, పండుగ, పాపభీతి అనేవి ఆ బాలునికి ఉగ్గుపాలతో అలవడినవే. మతం పట్ల విసుగుతో మతాన్ని విడిచిన వారి కోవలో ఆయనను చేర్చరాదు. భక్తి గల ఇంటిలో భక్తి గల బిడ్డగానే పెరిగారు.

పసితనంలోనే తండ్రి మరణించడంతో తల్లి పెంపకంలో ఎదిగారు. సుప్రసిద్ధమైన హారో పాఠశాలలో కొంతకాలం చదివారు. తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ అక్కడ ఆయనకు సమకాలికుడు. పాఠశాల చదువు ఆయనకు అంతగా రుచించలేదు. భాషలు మాత్రం అనాయాసంగా పట్టుబడేవి. తూర్పు దేశాలలో రాయబార ఉద్యోగాల కోసం జరిగిన పరీక్షకు కూర్చున్నారు. భాషలలో అగ్రస్థానం సంపాదించినా మొత్తం మీద ఉద్యోగం దక్కలేదు. ఆ వైఫల్యమే ఆయన జీవితానికి మలుపు అయింది. ఉద్యోగిగా చూడలేకపోయిన తూర్పు దేశాలను యాత్రికునిగా చూడాలని సంకల్పించి, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, 1894లో, ఈజిప్టు మీదుగా పాలస్తీనా చేరుకున్నారు.

డమాస్కస్ వృద్ధుని హితవు

ఆనాడు ఆ దేశాలకు వచ్చే ఆంగ్లేయులు సాధారణంగా తమ హోటళ్ళలో, తమ చర్చిలలో, తమవారి మధ్యనే కాలం గడిపి వెళ్ళేవారు. యువకుడైన పిక్తాల్ దేశీయ దుస్తులు ధరించి, గుఱ్ఱంపై గ్రామగ్రామం తిరిగి, రైతులతో, కూలీలతో, సత్రాలలోని బాటసారులతో కలిసి భుజించి అరబ్బీ నేర్చుకున్నారు. ఇందుకు ఆయనకు తొలుత చేయూత ఇచ్చినది జాఫా పట్టణంలోని హనావర్ అనే క్రైస్తవ మతాచార్యుడే కావడం గమనింపదగిన విషయం. స్వదేశంలో పేదవాడికీ ధనికుడికీ మధ్య తాను చూచిన దూరం ఇక్కడ కనిపించకపోవడం ఆ యువకుణ్ణి ఆశ్చర్యచకితుణ్ణి చేసింది.

డమాస్కస్ నగరంలోని ఉమయ్యద్ మహా మసీదు పండితులకు పెద్ద అయిన ఒక వృద్ధుని వద్ద ఆయన అరబ్బీ పాఠాలు చదివారు. చదువుతూ చదువుతూ ఒకనాడు తాను ఇస్లాం స్వీకరించదలచినట్లు గురువుతో చెప్పారు. ఒక ఆంగ్లేయ మతాచార్యుని కుమారుడు తనంత తానుగా వచ్చి అడిగితే ఏ బోధకుడైనా ఉప్పొంగిపోతాడు. ఆ వృద్ధుడు మాత్రం తొందరపడవద్దని వారించారు. ముందు ఇంటి వద్ద ఉన్న తల్లిని తలచుకోమన్నారు. తన కన్నకొడుకే పరదేశం వెళ్ళి, అక్కడి వారి మతంలో చేరతానంటే తన గుండె ఎంత తల్లడిల్లుతుందో ఆమె గుండె కూడా అంతే తల్లడిల్లుతుందని హెచ్చరించారు. వయసు వచ్చి, తన దేశానికి తిరిగి వెళ్ళి, తనవారి మధ్య కూర్చుండి ఆలోచించి, అప్పటికీ అదే నిర్ణయం నిలిస్తే అప్పుడు చూడవచ్చునన్నారు.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. తన మతంపై అచంచల విశ్వాసం ఉన్నవానికే ఇంతటి ఓపిక ఉంటుంది. సత్యం పారిపోయే వస్తువు కాదని ఆ వృద్ధునికి తెలుసు. ఎదుటివాని యౌవనాన్ని, ఒంటరితనాన్ని, పరదేశపు మోజును ఆసరా చేసుకొని పొందిన అంగీకారం అంగీకారమే కాదని కూడా ఆయనకు తెలుసు. పిక్తాల్ ఆ హితవును శిరసావహించారు. తుది వరకు దానిని మరువలేదు.

ఇరువది సంవత్సరాల నిరీక్షణ

స్వదేశానికి తిరిగి వచ్చిన పిక్తాల్ 1896లో మ్యూరియల్ స్మిత్‌ను వివాహమాడి, రచయితగా స్థిరపడ్డారు. 1903లో ప్రచురించిన ‘సయీద్ ది ఫిషర్‌మన్’ అనే నవల ఆయనకు కీర్తి తెచ్చిపెట్టింది. అందులో నాయకుడు ఒక ముస్లిం బెస్తవాడు. లోభం, కపటం, భయం, దైవభక్తి అన్నీ కలగలిసిన సామాన్య మానవుడు. 1860లో డమాస్కస్‌లో క్రైస్తవులపై జరిగిన దారుణ హింసాకాండను కూడా ఆయన అందులో దాచకుండా చిత్రించారు. ఇస్లాం పట్ల ఆకర్షితుడైన వ్యక్తి ముస్లింల దోషాలను చూడనట్లు నటించలేదన్నదానికి ఈ నవల సాక్ష్యం. ఆంగ్ల నవలాకారుడు ఫార్‌స్టర్ వంటి వారు తూర్పు దేశాల జీవితాన్ని ఎరిగి వ్రాసిన రచయితగా ఆయనను మెచ్చుకున్నారు.

ఈ కాలమంతటా ఆయన చర్చికి వెళుతూనే ఉన్నారు. మార్పు తెచ్చినది 1912, 1913 సంవత్సరాల బాల్కన్ యుద్ధం. ఆ యుద్ధాన్ని ఐరోపా పత్రికలు, కొందరు మతాచార్యులు శిలువకూ అర్ధచంద్రునికీ మధ్య పోరాటంగా కీర్తించారు. ఓడిపోయిన ప్రాంతాల నుండి పారిపోయి వచ్చిన ముస్లిం కాందిశీకుల గోడు అక్కడ ఎవరికీ పట్టలేదు. 1913లో పిక్తాల్ తుర్కీ వెళ్ళి కొన్ని నెలలు ఉండి కళ్ళారా చూచి వచ్చారు. తిరిగి వచ్చాక ఒక గ్రామ చర్చిలో, మహాప్రవక్తను దూషించే ఒక పాత కీర్తన ఆయన చెవిని పడింది. పొరుగువానిని ప్రేమించమన్న ఏసు బోధ విని పెరిగిన మనస్సు ఆ రోజు గాయపడింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తన దేశం తుర్కీతో పోరాడుతూ ఉండగా ఆ దేశంతో సంధిని కోరుతూ వ్రాసినందుకు ఆయన ఎన్నో నిందలు భరించారు. 1917 నవంబర్ 29వ తేదీన లండనులోని ముస్లిం సాహిత్య సంఘం సభలో ఇస్లాం, ప్రగతి అనే విషయంపై ప్రసంగించి, ఆ సభలోనే తాను ముస్లింనని ప్రకటించారు. డమాస్కస్ గురువు హితవు చెప్పి అప్పటికి ఇరువది సంవత్సరాలు దాటింది. ఆ నాటికి ఆయన వయస్సు నలువది రెండు.

ఇక్కడ ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. ఆ యుద్ధకాలంలో ఆర్మేనియన్ క్రైస్తవులపై జరిగిన ఘోరాలను ఆయన తగినంతగా పట్టించుకోలేదనీ, తుర్కీ మీది అభిమానం ఆయన చూపును మసకబరచిందనీ విమర్శ ఉన్నది. అది అసత్యం కాదు. ఒక పక్షం కాందిశీకుల కన్నీరు చూడని వారిని తప్పు పట్టిన మనిషి, మరొక పక్షం కన్నీటి విషయంలో తానూ అదే పొరపాటు చేశారు. అనుచరుల నడవడిని బట్టి మతాన్ని నిర్ణయించే తూకం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది. ఏ మతానికైనా దాని పేరు పెట్టుకున్న వారు ఇచ్చే సాక్ష్యం రెండు వైపులా పదునున్న కత్తి.

రెండు మతాల ప్రమాణాలు

అయితే నడవడిని ప్రక్కన పెడితే మిగిలే ప్రమాణాలు ఏమిటి? మన తర్కశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలను నాలుగు విధాలుగా విభజించింది. ఎన్నడో జరిగిపోయిన దైవ సంఘటనలు మనకు ప్రత్యక్షాలు కావు. కనుక ఇస్లాం, క్రైస్తవం రెండూ ప్రధానంగా శబ్దప్రమాణం మీద, అనగా ఆప్తుని వాక్కు మీద ఆధారపడతాయి. ఆ ఆప్తుడు ఎవరు, ఆయన మాట మన వరకు ఎట్లా చేరింది అన్నవే విచారింపదగిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నల మీద మన దేశంలో ఒక చారిత్రక వాదం 1854 ఏప్రిల్‌లో ఆగ్రా నగరంలో జరిగింది. క్రైస్తవ పక్షాన జర్మన్ బోధకుడు ఫాండర్, ముస్లిం పక్షాన మౌలానా రహ్మతుల్లా కైరాన్వీ వాదించారు. ఫాండర్ తన గ్రంథానికి ‘మీజానుల్ హఖ్’, అనగా సత్యపు తక్కెడ, అని పేరు పెట్టుకున్నారు. మౌలానాకు తోడుగా నిలిచిన డాక్టర్ వజీర్ ఖాన్ ఇంగ్లండు నుండి తెచ్చిన గ్రంథాల సాయంతో, బైబిలు వ్రాతప్రతులలో పాఠభేదాలున్నట్లు ఐరోపా పండితులే అంగీకరించిన సంగతిని వారు సభ ముందుంచారు. కొన్ని పాఠభేదాలు ఉన్నమాట నిజమేననీ, వాటివల్ల మూల సందేశం చెడలేదనీ ఫాండర్ సమాధానం. రెండు రోజులతో వాదం నిలిచిపోయింది. మౌలానా తరువాత 1864లో ఇస్తాంబుల్‌లో ‘ఇజ్‌హారుల్ హఖ్’ అనే గ్రంథం రచించారు. నేటికీ ఎన్నో కరపత్రాలు ఈ రెండు గ్రంథాల నుండి తెలిసో తెలియకో అప్పు తెచ్చుకున్నవే.

ఉభయ పక్షాలనూ ఒకే తక్కెడలో ఉంచి చూద్దాం. దివ్య ఖుర్ఆన్ ఇరువది మూడు సంవత్సరాలలో, ఒకే వ్యక్తి నోట, ఒకే భాషలో వెలువడింది. ఆయన జీవితకాలంలోనే అనేకులు దానిని కంఠస్థం చేశారు. మొదటి ఖలీఫా అబూబక్ర్ కాలంలో జైద్ బిన్ సాబిత్ దానిని ఒకచోట చేర్చారు. మూడవ ఖలీఫా ఉస్మాన్ కాలంలో ప్రామాణిక ప్రతులు సిద్ధమయ్యాయి. గ్రంథ సంరక్షణ విషయంలో ఇది బలమైన ప్రమాణం. సువార్తలు నాలుగు. ఏసు మాట్లాడినది అరమాయిక్ భాష, సువార్తలు మనకు దక్కినది గ్రీకులో. అవి ఆయన తరువాత కొన్ని దశాబ్దాలకు రూపొందాయి. 1881లో ప్రచురితమైన ఆంగ్ల నూతన నిబంధన సవరణ ప్రతిలో, యోహాను మొదటి లేఖలో త్రిత్వాన్ని స్పష్టంగా చెప్పే ఒక వాక్యాన్ని, పాత గ్రీకు ప్రతులలో లేదన్న కారణంతో క్రైస్తవ పండితులే తొలగించారు. అప్పటికి పిక్తాల్ ఆరేళ్ళ బాలుడు.

అయితే క్రైస్తవుని మాట కూడా వినాలి. తమ విశ్వాసానికి పునాది ఒక గ్రంథపు అక్షరాలు కావనీ, ఒక సంఘటన అనీ ఆయన చెబుతాడు. పౌలు లేఖలు సువార్తల కంటె ముందువి. పునరుత్థానుడైన క్రీస్తును చూచిన సాక్షుల పట్టిక ఆ లేఖలలో ఒకదానిలోనే ఉన్నది. నాలుగు సువార్తల మధ్య భేదాలు నలుగురు సాక్షులు కూడబలుక్కోలేదన్నదానికి గుర్తు అనీ, పాఠభేదాలను దాచక అచ్చులో చూపడం నిజాయితీకి నిదర్శనమనీ ఆయన వాదం. ఈ మాటలను త్రోసిపుచ్చడం న్యాయం కాదు. శిలువ మరణాన్ని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. ముస్లిం ఆ విషయంలో చరిత్రకారుల మాటను కాక దైవవాణి సాక్ష్యాన్ని నమ్ముకుంటాడు. ఆ సంగతి ముస్లిం దాచవలసిన పనిలేదు. అట్లే, గ్రంథం చెక్కుచెదరకుండా నిలిచిందంటే ప్రవక్త చెప్పినది మనకు చేరిందని రుజువవుతుంది. ప్రవక్తకు చెప్పినవాడు దేవుడేనని నమ్మడానికి ఆ పైన ఇంకొక అడుగు వేయాలి. పునరుత్థానాన్ని కొందరు సాక్షులు నమ్మారంటే వారి విశ్వాసం రుజువవుతుంది. ఆ విశ్వాసం నుండి ఏసు దైవత్వం వరకు చేరడానికి అక్కడ కూడా ఇంకొక అడుగు ఉన్నది. ఆ చివరి అడుగు ఎవరికి వారు వేయవలసినదే. ఒకరి తరఫున మరొకరు వేయలేరు.

పిక్తాల్ ఆ అడుగు ఎట్లా వేశారో ఆయన మద్రాసులో ఇచ్చి, అటు పిమ్మట గ్రంథరూపంలో వెలువరించిన ఉపన్యాసాలను బట్టి గ్రహించవచ్చు. దేవునికీ మనిషికీ మధ్య పురోహిత వర్గం లేకపోవడం, జాతివర్ణ భేదం లేని సోదరత్వం, బుద్ధికి సంకెళ్ళు వేయని సరళ ఏకేశ్వరవాదం, ఇతర మతస్థుల పట్ల ధర్మశాస్త్రం విధించిన సహనం ఆయనను ఆకర్షించాయి. ఆ ఉపన్యాసాలలో ఆయన ముస్లిం శ్రోతలను పొగడడానికి బదులు, ఈ ఆదర్శాల నుండి దూరమైనందుకు మందలించారు కూడా.

బొంబాయి నుండి హైదరాబాదుకు

ఇస్లాం స్వీకరించిన తరువాత పిక్తాల్ కొంతకాలం లండనులో శుక్రవారపు ప్రార్థనలకు ఇమాముగా వ్యవహరించారు. 1920లో ‘బాంబే క్రానికల్’ పత్రిక సంపాదకత్వం స్వీకరించి భారతదేశానికి వచ్చారు. ఆ పత్రిక పూర్వ సంపాదకుడు హార్నిమన్‌ను బ్రిటిష్ ప్రభుత్వం 1919లో దేశం నుండి వెళ్ళగొట్టింది. అటువంటి ఆసనంలో మరొక ఆంగ్లేయుడు కూర్చుండి ఖిలాఫత్ ఉద్యమాన్ని, గాంధీజీ సహాయ నిరాకరణను సమర్థించారు. ఖద్దరు ధరించారు, ఉర్దూ నేర్చుకున్నారు. 1924లో ఆ పదవి విడిచారు.

1925లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం ఆయనను హైదరాబాదుకు ఆహ్వానించి, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయునిగా నియమించింది. మూసీనది ఒడ్డున ఉన్న ఆ పేట పేరు ఆనాటి నుండి ఇస్లామీయ విద్యాచరిత్రలో భాగమైంది. 1927లో ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఆంగ్ల త్రైమాసిక పత్రికకు ఆయన తొలి సంపాదకులయ్యారు. ముస్లిం, ముస్లిమేతర పండితులు ఒకే వేదికపై వ్రాసిన ఆ పత్రిక హైదరాబాదు పేరును ప్రపంచ విశ్వవిద్యాలయాలకు పరిచయం చేసింది.

అనువాదమనే అమానతు

ఆయన జీవితంలోని మహాకార్యం దివ్య ఖుర్ఆన్ ఆంగ్లానువాదం. అంతకు పూర్వం ఆంగ్లంలో అనువాదాలు లేకపోలేదు. 1734లో జార్జ్ సేల్, 1861లో రాడ్‌వెల్, 1880లో పామర్ చేసినవి ఉన్నాయి. వీరిలో రాడ్‌వెల్ స్వయంగా క్రైస్తవ మతాచార్యుడు. తాను విశ్వసించని గ్రంథాన్ని అనువదించేవాడు ఎంత పండితుడైనా దానిని బయటి నుండే చూస్తాడని పిక్తాల్ అభిప్రాయం. ఆంగ్లం మాతృభాషగా గల ముస్లిం చేసిన అనువాదం అవసరమని ఆయన తలచారు. నిజాం ప్రభుత్వం పూర్తి జీతంతో రెండేళ్ళ సెలవు మంజూరు చేసింది. అనువాదం ముగించి 1929లో ఈజిప్టు వెళ్ళి, అక్కడి పండితులకు వాక్యవాక్యం చూపి సవరించుకున్నారు. లండనులో చదివిన అల్ గమ్రావీ అనే విద్వాంసుడు ఇందుకు ఎంతో తోడ్పడ్డారు. అల్ అజ్‌హర్ పండితులలో కొందరు అసలు అనువాదమే కూడదని అభ్యంతరం చెప్పినా, ఆయన ఓపికతో నచ్చజెప్పుకున్నారు.

1930లో గ్రంథం వెలువడింది. దాని పేరులోనే ఆయన వినయం ఉన్నది. అది ఖుర్ఆన్ కాదు, ఖుర్ఆన్ భావం మాత్రమేనని అర్థమిచ్చే పేరు పెట్టారు. మూలంలోని నాదసౌందర్యం ఏ భాషలోకీ రాదనీ, తన కృషి మూలానికి ప్రత్యామ్నాయం కాజాలదనీ పీఠికలో స్పష్టం చేశారు. ప్రవక్త జీవిత చరిత్రను మక్కా, మదీనా అని రెండు భాగాలుగా ముందు వ్రాసి, ప్రతి అధ్యాయానికీ దాని కాలాన్ని, సందర్భాన్ని తెలిపే చిన్న పరిచయం చేర్చారు. ఆయన మరణానంతరం 1938లో హైదరాబాదు ప్రభుత్వ ముద్రణాలయం అరబ్బీ మూలంతో కలిపి రెండు సంపుటాలుగా ప్రచురించింది.

ప్రమాణాల విచారణకూ ఈ అనువాదానికీ ఏమి సంబంధమని అడగవచ్చు. చాలా ఉన్నది. సాక్షి మాటను వక్రీకరించకుండా న్యాయస్థానం ముందు ఉంచడమే విచారణలో మొదటి ధర్మం. ఆ ధర్మాన్ని రెండు మతాలవారూ మన నేలపై పాటించిన చరిత్ర ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చి, ఆనందరాయరు అనే తెలుగు విద్వాంసుని సాయంతో సువార్తలను తెనిగించే పని ప్రారంభించారు. వారిద్దరూ 1810 నాటికే ఈ లోకం విడిచారు. వారు సిద్ధం చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. పిక్తాల్ హైదరాబాదులో ఉన్న కాలానికే చిలుకూరి నారాయణరావు పండితులు ఖుర్ఆన్‌ను తెనిగించారు. తాను ముస్లిం కాకపోయినా పొరుగువాని గ్రంథాన్ని పొరుగువాని హృదయంతో చదవాలన్న సంస్కారం అది. ఈ గ్రంథాలు తెరచి చూడకుండా కరపత్రాలు చేతబట్టిన వారు, సాక్షిని పిలవకుండా తీర్పు చెప్పే న్యాయాధిపతుల వంటివారు.

తుది రోజులు

హైదరాబాదులో ఆయన పదేళ్ళు పనిచేశారు. పాఠశాల, పత్రిక, సివిల్ సర్వీసు అభ్యర్థుల శిక్షణ, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్ళిన హైదరాబాదు బృందానికి సేవ, ఇవన్నీ ఆయన భుజాలపై ఉండేవి. 1931లో నిజాం కుమారులకు ఉస్మానీ రాజవంశపు రాకుమార్తెలతో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగిన వివాహాల ఏర్పాట్లలో కూడా ఆయన పాత్ర ఉన్నది. 1935లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు తిరిగి వెళ్ళారు. 1936 మే 19వ తేదీన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ పట్టణంలో పరమపదించారు. వోకింగ్ సమీపంలోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో, ముస్లింల విభాగంలో, ఆయన సమాధి ఉన్నది. ఖుర్ఆన్‌ను ఆంగ్లీకరించిన మరొక మహనీయుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ కూడా 1953లో ఆ నేలలోనే విశ్రమించారు.

మరణానంతరం ఆయన వ్రాతబల్లపై భార్యకు కనిపించిన చివరి కాగితంలో ఖుర్ఆన్ వాక్యమొకటి వ్రాయబడి ఉన్నది. అది బఖరా అధ్యాయంలోని 112వ వాక్యం. తన్ను తాను దేవునికి సమర్పించుకొని సత్కార్యాలు చేసేవానికి ప్రతిఫలం దేవుని వద్ద ఉన్నదనీ, అట్టివారికి భయం గాని దుఃఖం గాని ఉండదనీ దాని సారాంశం. దానికి ముందున్న 111వ వాక్యంలో, స్వర్గం తమకు మాత్రమే దక్కుతుందని చెప్పుకునే వారిని, మీరు సత్యవంతులైతే మీ ప్రమాణాన్ని తీసుకురండని దేవుడు ప్రశ్నించమంటాడు. ప్రమాణం అడిగిన మరుక్షణమే ఖుర్ఆన్ చూపిన మార్గం ఆత్మసమర్పణ, సత్కార్యాచరణ. పిక్తాల్ కలం ఆ వాక్యం వద్ద ఆగిపోవడం ఆయన జీవితానికి తగిన ముగింపు.

ప్రియ విద్యార్థులారా! నేను ముస్లింను. పిక్తాల్ చేరిన తీరమే నా తీరం. అది దాచుకోను. ఆనాడు కరపత్రాలతో వచ్చిన ఇద్దరిలో క్రైస్తవ విద్యార్థిని ఆ తీరానికి లాగాలని నేను ప్రయత్నించలేదు. డమాస్కస్ వృద్ధుడు పిక్తాల్‌కు చెప్పినదే అతనికీ, అతని మిత్రునికీ కూడా చెప్పాను. ఎదుటివారి గ్రంథాన్ని పూర్తిగా చదవండి. మీ గ్రంథానికి వాడే తక్కెడతోనే దానిని తూచండి. ఎదుటివారి వాదంలో బలమైనదానిని ముందుగా ఎంచుకొని దానికి సమాధానం వెదకండి. ఇంటిలోని తల్లిని మరువకండి. తొందరపడకండి.

ఇద్దరూ కరపత్రాలు నా బల్లపైననే విడిచి వెళ్ళారు. మరునాడు ముస్లిం విద్యార్థి గ్రంథాలయంలో తెలుగు బైబిలు కోసం, క్రైస్తవ విద్యార్థి ఖుర్ఆన్ అనువాదం కోసం అడిగారని తెలిసింది. వారు ఏ తీరం చేరుతారో నేను చెప్పలేను. సరియైన త్రోవలో బయలుదేరారని మాత్రం చెప్పగలను. యారాడ కొండమీది దీపస్తంభం ఏ ఓడనూ రేవులోకి లాగదు. వెలుగు చూపి ఊరుకుంటుంది. ఓడను నడపవలసినవాడు నావికుడే.